నీటి గుంజలు చెప్పే ఏళ్లు

స్విట్జర్లాండ్‌లో కాన్‌స్టన్స్ సరస్సు దక్షిణపు ఒడ్డున ఆర్బోన్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ బ్లైషె అనే చోట 1993, 1995 మధ్య తవ్వి తీసిన కొత్త రాతియుగపు ఊరు పుట్టిన ఏడూ తెలుసు, పోయిన ఏడూ తెలుసు. క్రీ.పూ. 3384లో మొదటి ఇంటికి కలప నరికారు. క్రీ.పూ. 3370లో ఊరు తగలబడిపోయింది. అప్పటికి గీజాలో ఖుఫూ పిరమిడ్ లేవడానికి ఇంకా ఎనిమిది వందల ఏళ్లుంది. ఆ ఊరివాళ్లకు రాత లేదు. వాళ్లు ఏ భాష మాట్లాడేవారో, పెద్దగా ఎవరిని మన్నించేవారో చెప్పగలిగేవారు లేరు. కానీ ఏ ఇల్లు ముందు కట్టారో, ఏది ఆ మరుసటేడో, ఆ తర్వాతో కట్టారో చెప్పగలుగుతున్నారు.

ఈ లెక్కంతా చెట్ల కాండాల్లోని ఏటి వలయాల నుంచి వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల చుట్టూ సరస్సుల అంచుల్లో, చిత్తడి నేలల్లో బయటపడ్డ చరిత్ర పూర్వపు ఊళ్ల మీద ఈ వలయ కాలనిర్ణయం యాభై ఏళ్లకు పైగా సాగుతోంది. అది ఏం తేల్చింది, ఏం తేల్చలేకపోయింది అన్నది చూడడమే ఈ వ్యాసం పని. నా మటుకు నాకు తోచేది ముందే చెబుతాను. గుంజ నరికిన ఏడాది చెప్పడంలో ఈ పద్ధతికి సాటి లేదు. ఆ ఏడాది నుంచి మనుషుల గురించి చెప్పే మాటల్లో మాత్రం కొన్ని గట్టివి, మరికొన్ని గుంజకు ఉన్న గౌరవాన్ని అరువు తెచ్చుకుని నిలబడ్డవి.

కథ 1853-54 చలికాలంలో మొదలైంది. ఆ ఏడు జ్యూరిక్ సరస్సు బాగా అడుగంటింది. ఓబర్‌మైలెన్ దగ్గర బయటపడ్డ బురదలో వరసలు వరసలుగా గుంజలు, రాతి గొడ్డళ్లు, కుండపెంకులు కనిపించాయి. ఊరి బడిపంతులు యోహనెస్ ఏప్లి కబురు పంపితే, జ్యూరిక్ పురాతత్వ సంఘం అధ్యక్షుడు ఫెర్డినాండ్ కెల్లర్ వచ్చి చూశాడు. 1854లోనే వ్యాసం అచ్చువేశాడు. నీళ్ల మీద పెద్ద చెక్క వేదిక, దాని మీద ఇళ్లు, ఒడ్డుకు ఒక వంతెన: ఇదీ ఆయన ఊహించిన బొమ్మ. న్యూగినీ తీరంలో నీటి మీది ఇళ్లను ఫ్రెంచి నావికులు గీసిన చిత్రాలు ఆయన కళ్లముందు ఉన్నాయి. ఈ ఊళ్లను ఆయన కెల్టులవి అన్నాడు. 1848లో కొత్తగా ఏర్పడ్డ స్విస్ సమాఖ్యకు తాతముత్తాతలు కావలసిన రోజులవి. జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్ మాట్లాడేవాళ్లందరికీ ఉమ్మడిగా చెప్పుకోదగ్గ సరస్సు జనం దొరికారు. ఆ బొమ్మ బడి పుస్తకాల్లోకి, గోడ పటాల్లోకి, ప్రదర్శనల్లోకి ఎక్కింది. దిగడానికి వందేళ్లు పట్టింది.

దించడానికి చేసిన పోరును ‘గుంజల ఇళ్ల వివాదం’ అంటారు. జర్మన్ పరిశోధకుడు ఆస్కార్ పారెట్ 1940లలో ఈ ఇళ్లన్నీ పొడి నేల మీద కట్టినవేనని, సరస్సు తర్వాత పెరిగి వాటిని ముంచిందని వాదించాడు. కెల్లర్ వ్యాసానికి వందేళ్లు నిండిన సందర్భంలో వచ్చిన సంపుటంలో స్విస్ పరిశోధకుడు ఎమిల్ ఫోక్ట్ కూడా దాదాపు అదే పక్షాన నిలిచాడు. ఆ తర్వాత ఇటలీలోని ఫియావేలో రెనాతో పెరీని తవ్వకాలు నీటి మీదికి పొడుగ్గా లేపిన ఇళ్లు కూడా ఉండేవని చూపించాయి. ఇప్పుడు అందరూ ఒప్పుకునేది ఇది: చోటును బట్టి, కాలాన్ని బట్టి రెండూ ఉన్నాయి, ఎక్కువ చోట్ల ఇళ్లు ఏటేటా ముంపుకు గురయ్యే అంచు మీద, నేలకు కాస్త ఎత్తున ఉండేవి. ఈ వివాదం తీర్చింది చెట్టు వలయాలు కావు. సరస్సు అడుగున పేరుకున్న పొరలను, పురుగుల గూళ్లను, గింజలను చూసినవాళ్లు తీర్చారు. వలయాలతో తేలనివాటిని కూడా వాటి ఖాతాలో వేసే అలవాటు ఈ రంగం మీద వచ్చే జనరంజక రచనల్లో బాగా ఉంది కాబట్టి ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఇక పద్ధతి. సమశీతోష్ణ దేశాల్లో చెట్టు వసంతంలో పెరగడం మొదలుపెట్టి శరదృతువులో ఆగిపోతుంది. ఓక్ చెట్టుకు వసంతంలో పెద్ద పెద్ద రంధ్రాలున్న చెక్క, వేసవిలో దట్టమైన చెక్క ఏర్పడతాయి. రెండూ కలిస్తే ఒక వలయం. వానలు బాగున్న ఏడు వలయం వెడల్పు, ఎండిన ఏడు సన్నం. ఒక ప్రాంతంలోని చెట్లన్నీ ఈ ఒడిదుడుకులను దాదాపు ఒకే తీరుగా రాసిపెడతాయి కాబట్టి, ఈనాటి చెట్టు నుంచి పాత ఇంటి దూలానికి, దాని నుంచి ఇంకా పాత చర్చి కప్పుకు, అక్కణ్ణుంచి నది ఇసుకలో పూడిన దుంగకు వరసలు కలుపుకుంటూ వెనక్కి పోవచ్చు. అమెరికాలో ఏ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యుడి మచ్చల ప్రభావం వెతుకుతూ ఈ దారి పట్టాడు. 1929లో ఆరిజోనాలోని షో లో దగ్గర దొరికిన హెచ్‌హెచ్-39 అనే కాలిన దూలం అతని రెండు వరసల మధ్య ఖాళీని పూడ్చింది. దానితో ప్యూబ్లో బొనీటో వంటి శిథిలాలకు ఏళ్లు పెట్టడం కుదిరింది.

మన దగ్గర ఇది ఎందుకు జరగలేదని అడగవచ్చు. ఉష్ణమండలంలో చాలా చెట్లకు ఏడాదికొకటి చొప్పున నమ్మదగ్గ వలయం ఏర్పడదు. ఎండాకాలంలో ఆకు రాల్చే టేకు ఒక మినహాయింపు. పాత రుతుపవనాలను తెలుసుకోవడానికి భారతీయ పరిశోధకులు టేకు వలయాలను వాడుతూనే ఉన్నారు. కానీ అయిదు వేల ఏళ్ల నాటి టేకు గుంజను చెదకూ వానకూ దక్కనియ్యకుండా దాచిన నేల కావాలి కదా. ఆల్ప్స్ సరస్సుల అడుగున గాలి సోకని బురద ఆ పని చేసింది.

ఐరోపాలో బ్రూనో హూబర్ అనే అటవీ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పనికి పునాది వేశాడు. స్విస్ సరస్సు ఊళ్ల కలపను కూడా ఆయన బృందం చూసింది. టైంగెన్-వైయర్, బుర్గెషిసే వంటి చోట్ల ఇళ్లలో ఏది ఎన్నేళ్లు ముందో, ఎన్నేళ్లు వెనకో 1960ల నాటికే చెప్పగలిగారు. కానీ అవన్నీ నేలకు ఆనని వరసలు. శాసనంలో శకసంవత్సరం చెరిగిపోయి ‘విజయ నామ సంవత్సరం’ అన్న ముక్క మాత్రం మిగిలితే, పక్క శాసనంతో దూరం లెక్క దొరుకుతుంది గానీ ఏ అరవయ్యేళ్ల చుట్టో తెలియదు. అలాంటి స్థితి అది. ఈలోగా రేడియోకార్బన్ వచ్చింది. అమెరికాలోని బ్రిసిల్‌కోన్ పైన్ వలయాలతో దాన్ని సరిచూస్తే, చరిత్ర పూర్వపు తేదీలు పండితులు అనుకున్నదానికన్నా వందల ఏళ్లు వెనక్కి జరిగాయి. కానీ రేడియోకార్బన్ చెప్పేది ఒక అంచనా. దానికి అటూ ఇటూ దశాబ్దాల సందు తప్పదు. పదిహేనేళ్లు బతికిన ఊరికి ఆ కొలత సరిపోదు.

గట్టి వరస కోసం హోహెన్‌హైమ్‌లో బెర్న్‌డ్ బెకర్ రైన్, మైన్, డాన్యూబ్ నదుల కంకరలో పూడిన ఓక్ దుంగలను కూడబెట్టాడు. బెల్‌ఫాస్ట్‌లో మైక్ బెయిలీ, జాన్ పిల్చర్ ఐర్లండ్ ఓక్‌లతో మరో వరస కట్టారు. ఒకరికొకరు సంబంధం లేకుండా పెరిగిన ఈ రెండు వరసలను ఎదురెదురు పెట్టినప్పుడు అసలు పరీక్ష జరిగింది. అప్పటిదాకా జర్మన్ పక్షాన ప్రకటించిన కొన్ని వరసల్లో అతుకులు సరిగా కుదరలేదని, క్రీస్తుకు పూర్వపు వలయాలను దశాబ్దాల మేర జరపాలని తేలింది. ట్రీర్‌లో ఎర్న్‌స్ట్ హోల్‌స్టైన్ కట్టిన పేరుమోసిన వరసలో కూడా క్రీస్తుకు పూర్వపు భాగాన్ని సరిచేయవలసి వచ్చింది. ‘ఏడాదితో సహా కచ్చితం’ అని అచ్చైన తేదీలు ఒక్కసారిగా కదిలాయి. ఈ ముచ్చటను ఈ రంగంవాళ్లు చిన్న గొంతుతో చెబుతారు గానీ, నాకు ఈ శాస్త్రం మీద గురి కుదిరింది ఇక్కడే. తప్పు దొరికిందంటే, దాన్ని పట్టుకునే మార్గం ఉందన్నమాట. 1984లో ‘నేచర్’ పత్రికలో 7,272 ఏళ్ల పశ్చిమ ఐరోపా ఓక్ వరస వచ్చింది. మరుసటేడు ఆల్ప్స్ ఉత్తరపు సరస్సు ఊళ్లకు అసలైన కాలండర్ ఏళ్లు ఒకే పుస్తకంగా వెలువడ్డాయి. ఆ తర్వాత ఓక్‌కు పైన్ కూడా కలిసి హోహెన్‌హైమ్ వరస 12,460 ఏళ్లకు పెరిగింది.

అప్పటి నుంచి బయటపడ్డ చిత్రం ఎవరూ ఎదురుచూడనిది. మందపాటి చెత్తపొరలను చూసి పాతవాళ్లు ఒక్కొక్క ఊరు వందల ఏళ్లు నిలిచిందనుకున్నారు. వలయాలు చూస్తే చాలా ఊళ్లు పదీ ఇరవై ఏళ్లకు మించలేదు. ఆర్బోన్‌ది పదిహేనేళ్లు. అదే సరస్సు మీద హోర్న్‌స్టాడ్-హ్యోర్న్‌లె అనే ఊరు క్రీ.పూ. 3918లో మొదలై, ఒక దశాబ్దం తిరగకముందే కాలిపోయింది. కాలిన గింజలు, నారలు, కుండలు ఉన్నవి ఉన్నట్టు నీటిలో దాగాయి. కాలిన చోటే మళ్లీ గుంజలు పాతారు. ఆ సరస్సు ఉత్తరపు ఒడ్డున సిప్లింగెన్‌లో క్రీ.పూ. నాలుగో సహస్రాబ్ది నుంచి మూడో సహస్రాబ్ది దాకా ఒకే రేవులో ఊరి మీద ఊరు, మధ్యలో ఖాళీ, మళ్లీ ఊరు. కంచుయుగంలో కాస్త నిలకడ కనిపిస్తుంది. నూషాటెల్ సరస్సులోని కోర్తయో-ఎస్ట్ క్రీ.పూ. 1010 ప్రాంతంలో కొద్ది ఇళ్లతో మొదలై, పక్కపక్కన వరసలు చేర్చుకుంటూ 955 దాకా పెరిగింది. నీళ్లు తేటగా ఉన్నప్పుడు విమానం నుంచి దాని గుంజల వరసలు కనిపించేవి.

వ్యవసాయం నేర్చిన మనిషి ఒకచోట స్థిరపడ్డాడు అని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. ఈ ఊళ్లు చూస్తే ఆ వాక్యం నిలవదు. గోధుమ, బార్లీ, అవిసె పండించేవాళ్లే ఒక తరం తిరగకముందే ఊరు లేపేసి, రెండు మైళ్ల అవతల మళ్లీ కట్టుకున్నారు. ఒక బిడ్డ పుట్టి, పెరిగి, పెళ్లీడుకొచ్చేలోగా రెండు మూడు ఊళ్లు మారి ఉండవచ్చు. ఇన్నేళ్ల పరిశోధనలో వలయాలు తేల్చిన అన్నిటికన్నా పెద్ద విషయం ఇదేనని నా అభిప్రాయం. దీన్ని రేడియోకార్బన్ ఎన్నటికీ చూపించలేకపోయేది.

ఎందుకు లేచిపోయేవారన్న ప్రశ్నకు కూడా గుంజలే కొంత బదులిస్తాయి. హెమెన్‌హోఫెన్‌లో పనిచేసిన ఆంద్రె బియాంబో వలయాలతో తేదీ ఒక్కటే కాక, ఆ కలప ఎలాంటి అడవిలో పెరిగిందో చదవడం మొదలుపెట్టాడు. ముదురు అడవిలో వెలుతురు కోసం పోటీపడి పెరిగిన ఓక్‌కు సన్నటి వలయాలుంటాయి. నరికిన మోడు నుంచి లేచిన పిలక మొదటి ఏళ్లలో విరగబడి పెరుగుతుంది, దాని నడిమి వలయాలు వెడల్పు. ఊరు పుట్టిన కొత్తలో ముదురు చెట్లు కూల్చి, చీలికలు చేసి పాతారు. తర్వాతి కట్టడాల్లో పిలకల నుంచి ఎదిగిన, ఒకే వయసున్న కుర్ర గుంజలు ఎక్కువవుతాయి. అంటే ముందు తరం నరికిన చోటే తర్వాతి తరం గుంజలు మొలిచాయి. ఫ్రాన్స్‌లోని జూరా కొండల్లో షాలాఁ, క్లెర్వో సరస్సుల మీద పియెర్ పెత్రెకాఁ జట్టు ఇదే తీరులో జనాభా పెరుగుదలను, అడవి తరుగుదలను జతచేసి చూసింది. పొలం పాతబడగానే, కలప దగ్గరలో లేకపోగానే ఊరు జరిగేదన్నది బలమైన ఊహ. కలప విషయం గుంజలు చూపిస్తాయి. పొలం విషయం కలుపుగింజలను, పుప్పొడిని అడగాలి, అవి అంత తేలిగ్గా ఒకే మాట మీద నిలబడవు.

ఇప్పుడు చిక్కులకు వద్దాం. వలయం చెప్పేది చెట్టు చచ్చిన ఏడాది. బెరడు కింది చివరి వలయం దక్కితే ఏడాదే కాదు, రుతువు కూడా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ చిత్తడిలో ‘స్వీట్ ట్రాక్’ అనే చెక్క బాటకు ఓక్‌లను క్రీ.పూ. 3807 చలికాలంలోనో 3806 వసంతంలోనో నరికారని చెప్పగలిగింది అందుకే. చివరి వలయం చెదిరిపోతే చేవ చుట్టూ ఉండే లేత చెక్క మీద ఆధారపడాలి. ఆల్ప్స్ ఉత్తరపు ఓక్‌లకు ఆ లేత చెక్క వలయాలు సుమారు ఇరవై, అటో ఇటో పది. అదీ పోయి చేవ ఒక్కటే మిగిలితే ‘ఫలానా ఏడాది తర్వాత’ అనే చెప్పగలరు. పదిహేనేళ్ల ఊళ్ల లోకంలో పదేళ్ల సందు అంటే ఒక ఊరి వయసు. చదివేవాళ్లు ప్రతి తేదీ పక్కనా అది బెరడు తేదీయా, లేత చెక్క తేదీయా అని చూడాలి. ఎక్కువమంది చూడరు.

నరికిన కలపను వెంటనే వాడతారా? పచ్చి ఓక్‌నే చెక్కడం తేలిక కాబట్టి, రాతి గొడ్డలివాళ్లు చాలావరకు అలాగే చేశారు. ఒకే ఇంటి గుంజలన్నీ ఒకే ఏడు నరికినవైతే అనుమానం తీరుతుంది. పాత ఇంటి గుంజ పీకి కొత్త ఇంటికి పాతితే లెక్క తప్పుతుంది. ఒక గుంజ చాలా పాతదై, పక్కవి కొత్తవైతే దాన్ని పక్కన పెట్టేస్తారు. అది న్యాయమే గానీ, ఎన్ని గుంజలు చూశారన్న దాని మీదే ఆ న్యాయం బలం ఆధారపడుతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు చెట్టు జాతి. వరసలు చాలావరకు ఓక్‌వి. ఊళ్లవాళ్లు మాత్రం చేతికందింది వాడారు: యాష్, ఆల్డర్, పాప్లర్, ఫర్, హేజెల్. జ్యూరిక్ నాటకశాల దగ్గర కార్ల పార్కింగ్ కోసం 2010లో నేల తవ్వినప్పుడు దొరికిన పాప్లర్ తలుపు, దాదాపు క్రీ.పూ. 3063 నాటిది, ఐరోపాలోని అతిపాత తలుపుల్లో ఒకటి. కానీ ఇరవయ్యో ముప్పయ్యో వలయాలున్న ఆల్డర్ గుంజను ఏ వరసతోనూ నమ్మకంగా జతపెట్టలేరు. యాభైకి తక్కువ వలయాలుంటే చాలామంది పరిశోధకులు చేయి పెట్టరు. ఓక్ వాడని ఊరు, కుర్ర కర్రలతో కట్టిన ఊరు, పేదల గుడిసెలు ఉంటే అవి కూడా మన పట్టికల్లో పలచబడతాయి. ఏ ఏళ్లలో జనం ఎక్కువ, ఏ ఏళ్లలో తక్కువ అని గుంజల సంఖ్యను గీసే గీతలను అందుకే నేను జాగ్రత్తగా చదువుతాను.

ఆ గీతల్లో ఖాళీలున్నాయి. క్రీ.పూ. 2400 తర్వాత కొన్ని శతాబ్దాలు, మళ్లీ 1500 నుంచి 1100 దాకా ఆల్ప్స్ ఉత్తరపు ఒడ్డుల మీద ఊళ్లు దాదాపు లేవు. క్రీ.పూ. 800 తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. మిషెల్ మాఞి అనే ఫ్రెంచి పరిశోధకుడు సరస్సు మట్టాల హెచ్చుతగ్గులను తీర్చి, చల్లటి, తడి కాలాల్లో నీరు పెరిగి ఒడ్డు ఊళ్లు లేచిపోయాయని చూపించాడు. ఇందులో నిజం చాలా ఉంది. అయితే నీరు పెరిగితే ఊళ్లు కొట్టుకుపోవడమూ ఎక్కువే. ఊళ్లు లేకపోవడానికీ, ఊళ్ల గుర్తులు మిగలకపోవడానికీ తేడా గుంజలు చెప్పలేవు. మనుషులు కొండ మీదికో లోతట్టుకో పోయి ఉంటే, అక్కడి పొడి నేలలో కలప మిగలదు, అందువల్ల వలయాలతో తేదీ పెట్టడమూ సాధ్యం కాదు. మన తెలివి నీటి అంచు వెంట మాత్రమే నడుస్తోంది. పైగా ఎక్కడ రైలు మార్గం, హైవే, పార్కింగ్ కట్టారో అక్కడే పెద్ద తవ్వకాలు జరిగాయి. పంతొమ్మిదో శతాబ్దంలో జూరా నదుల సవరణతో నూషాటెల్, బీల్, మూర్టెన్ సరస్సుల మట్టాన్ని రెండున్నర మీటర్ల దాకా దించినప్పుడు వందల ఊళ్లు బయటపడి, సేకరణదారుల చేతుల్లో చెల్లాచెదురయ్యాయి. అప్పట్లో గుంజను ఎవరూ కోసి వలయాలు లెక్కపెట్టలేదు.

ఆల్ప్స్ దక్షిణానికి వెళ్తే సమస్య మరోటి. 2011లో యునెస్కో జాబితాకెక్కిన 111 గుంజల ఊళ్లు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్లొవేనియాలవి. వీటిలో సగం స్విస్ ఊళ్లే. గార్డా సరస్సు ప్రాంతపు కంచుయుగ ఓక్‌లకు, లుబ్లియానా చిత్తడిలోని రాతియుగపు ఊళ్లకు ఉత్తరపు వరస సూటిగా కుదరదు. వాతావరణం వేరు. అక్కడి వరసలు చాలాకాలం నేలకు ఆనకుండానే ఉన్నాయి. రేడియోకార్బన్ విలువలను వలయాల మీద వరసగా పరిచి, ఆ వంకరలను ప్రామాణిక వంకరతో కుదిర్చి అంచనా వేసేవారు. ఎంత చేసినా ఏడాది దగ్గర ఆగదు.

ఇటీవల ఈ ముడి ఒక కొత్త దారిలో వీడింది. 2012లో జపాన్ శాస్త్రజ్ఞురాలు ఫూసా మియాకె క్రీ.శ. 774-75 నాటి సెడార్ వలయాల్లో రేడియోకార్బన్ ఒక్కసారిగా ఎగిసిందని కనిపెట్టింది. సూర్యుడి నుంచి వచ్చిన విపరీతమైన కణప్రవాహం కారణమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఈ ఎగుడు భూమి మీద ప్రతి చెట్టులోనూ అదే ఏడాది పడుతుంది, వాతావరణంతో నిమిత్తం లేదు. క్రీ.పూ. 5259లోనూ అలాంటిది ఒకటి ఉందని తర్వాత తేలింది. ఉత్తర గ్రీస్‌లో కస్తోరియా సరస్సు ఒడ్డున డిస్పిలియో ఊరి నుంచి 787 కలప ముక్కలు తీసి, జునిపర్, ఓక్‌లతో 303 ఏళ్ల వరస కట్టిన బెర్న్ విశ్వవిద్యాలయపు బృందం ఆ ఎగుడు కోసం వెతికి పట్టుకుంది. 2024లో వాళ్లు ప్రకటించిన ప్రకారం అక్కడి కట్టడాలు క్రీ.పూ. 5328, 5140 మధ్యవి. బాల్కన్ రాతియుగానికి ఏడాదితో సహా దొరికిన మొదటి తేదీలివే. ఐరోపాలో వ్యవసాయం పాకిన దారుల్లో ఒకటి బాల్కన్ మీదుగా వచ్చింది కాబట్టి, ఆ పాకుడు ఎంత వేగంగా జరిగిందో ఇకపై తరాల లెక్కలో అడగవచ్చు.

అదే బృందం ఉత్తర మాసిడోనియాలో ఓహ్రిడ్ సరస్సు అడుగున ప్లోచా మిచోవ్ గ్రాడ్ గుంజలను కూడా చూస్తోంది. అక్కడి వరసలను నేలకు ఆనించాలంటే ప్రతి ఊరి కాలంలోనూ ఇలాంటి సూర్యుడి ఎగుడు ఒకటి పడి ఉండాలి. అన్ని శతాబ్దాల్లోనూ అవి లేవు. ఉన్నవాటికి మధ్య ఖాళీల్లో నిలిచిన ఊళ్లకు ఇంకా పాత దారే: మరో గుంజ, మరో ముదురు ఓక్, ఇంకొన్ని వలయాలు కలిసే చోటు. ఈలోగా కాన్‌స్టన్స్, జ్యూరిక్ సరస్సుల ఒడ్డున పడవల అలలు, కట్టిన గట్లు, తరిగిపోతున్న రెల్లు కలిసి బురదను కోసేస్తున్నాయి. కొన్ని చోట్ల గుంజల మీద గుడ్డ పరిచి, కంకర పోసి కప్పి ఉంచారు. కప్పిన చోట్ల తవ్వకం ఆగుతుంది. కప్పని చోట్ల ఈతగాళ్లు చలికాలపు తేట నీళ్లలో దిగి, బయటికి తేలిన ప్రతి గుంజ నుంచీ రంపంతో ఒక చక్రం కోసుకొస్తున్నారు.